ఫొటో బాగానే ఉంది, కానీ ఏదో లేదు: కళాత్మకంగా ఫొటోలు తీయడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఫొటో స్పష్టంగా వస్తోంది, వెలుతురు సరిపోతోంది, చూసినవాళ్లంతా ‘బాగుంది’ అంటున్నారు, అయినా మీకే తృప్తి లేదు. ఈ పేజీ అలాంటివాళ్ల కోసం. కెమెరాలో ఏ బటన్ ఎందుకో ఇక్కడ చెప్పడం లేదు, అవసరమైన చోట మాత్రం నంబర్లు ఇస్తాను. వరసగా చదవక్కర్లేదు గానీ రెండో ప్రశ్నను మాత్రం వదిలేయకండి, మిగతా జవాబులన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి.

అసలు కళాత్మకమైన ఫొటో అంటే ఏంటి?

ఎదురుగా ఏముందో చెప్పే ఫొటో ఒకటి, తీసినవాళ్లు దాన్ని ఎలా చూశారో చెప్పే ఫొటో ఇంకొకటి. జనం కళాత్మకం అనేది రెండోదాన్నే. ఒక కుర్చీని అమ్మడానికి ఫొటో తీస్తే నాలుగు కాళ్లూ కనబడాలి, రంగు ఉన్నది ఉన్నట్టు రావాలి, గీతలు పడిన చోటు కూడా దాచకూడదు. అదే కుర్చీ మీద సాయంత్రం ఎండ పడి, గోడ మీద దాని నీడ కుర్చీ కన్నా పొడుగ్గా సాగుతుంటే, కుర్చీని సగానికి కోసేసి నీడ మొత్తాన్ని ఫ్రేములో ఉంచే హక్కు మీకుంది. కాకపోతే నీడే ఎందుకు కావాలనుకున్నారో మీకు తెలిసుండాలి.

వెనకంతా బ్లర్, బ్లాక్ అండ్ వైట్, వంకర యాంగిల్ ఉంటే ఆర్ట్ అయిపోతుందనే భ్రమ చాలామందిలో ఉంది. కెమెరాను వంచి పట్టుకుంటే చూసేవాళ్లకు మెడనొప్పి వస్తుంది, అంతకు మించి ఏమీ జరగదు.

కంటికి అంత గొప్పగా కనిపించింది ఫొటోలోకి వచ్చేసరికి చప్పగా ఎందుకు అయిపోతుంది?

మీరు చూసిందీ కెమెరా చూసిందీ ఒకటి కాదు కాబట్టి. చెయ్యి ముందుకు చాచి బొటనవేలి గోరు చూడండి. మన కంటికి ఒక్క క్షణంలో నిజంగా స్పష్టంగా కనబడే భాగం సుమారు 2 డిగ్రీలు, అంటే దాదాపు ఆ గోరంత. చుట్టూ ఉన్నదంతా మసకే. కానీ కన్ను ఆగకుండా అటూ ఇటూ తిరుగుతూ కావలసినవి ఏరుకుంటుంది, అక్కర్లేనివాటిని మనసు పక్కకు తోసేస్తుంది, అందుకే గుట్ట మీద ఒంటరి చెట్టును చూసి మురిసిపోతున్నప్పుడు దాని వెనకున్న కరెంటు స్తంభం మీకు కనబడనే కనబడదు. కెమెరాకు ఇష్టాయిష్టాలు లేవు. చెట్టునూ స్తంభాన్నీ కింద పడున్న ప్లాస్టిక్ కవరునూ గంపగుత్తగా లోపలేసుకుంటుంది. ఇంటికొచ్చి చూసుకుంటే ఆ స్తంభం చెట్టు నెత్తిన మొలిచి ఉంటుంది.

ఇంకో తేడా, మనకు రెండు కళ్లు, కెమెరాకు ఒకటే. దగ్గరున్న వస్తువు వెనకున్నవాటి నుంచి విడిపోయి కనబడటంలో రెండు కళ్ల పాత్ర చాలా ఉంది. ఫొటోలో ఆ సాయం ఉండదు కాబట్టి ముదురాకుపచ్చ చొక్కా వేసుకున్న మనిషి చెట్ల మధ్య కలిసిపోతాడు. దీనికి పైసా ఖర్చు లేని చిట్కా ఉంది: తీసేముందు ఒక కన్ను మూసుకుని చూడండి. అప్పుడు కూడా మనిషి విడిగా తెలుస్తుంటే ఫొటోలోనూ తెలుస్తాడు.

మూడోది వెలుతురు. చీకటి గదిలో నిలబడి కిటికీ బయటికి చూస్తే కన్ను సర్దుకుని గదినీ బయట ఎండనూ రెండింటినీ చూపిస్తుంది. కెమెరా ఆ రెండింటిలో ఒకదాన్నే బాగా పట్టుకోగలదు. ఇప్పటి ఫోన్లు హెచ్‌డీఆర్ పేరుతో నాలుగైదు ఫొటోలు కలిపి రెండూ కనబడేలా చేస్తాయి గానీ, అలా అంతా ఒకే వెలుగులో ఉన్న ఫొటోలో చూపు ఎక్కడ ఆగాలో తెలియదు.

కాబట్టి ఏరే పని కెమెరా తరఫున మీరే చేయాలి. తీసేముందు ‘ఇక్కడ దేన్ని చూసి ఆగాను?’ అని అడుక్కోండి. ‘సూర్యాస్తమయం బాగుంది’ అన్న జవాబు చాలదు. ‘నీళ్ల మీద పడిన ఆ ఎర్రటి గీత’ అనగలిగితే చాలు. ఇక ఆ గీతకు పనికిరానిది ఫ్రేములో ఏముందో చూసుకుంటూ ఒక్కోదాన్నీ బయటికి పంపడమే, కష్టమంతా అక్కడే ఉంది.

మంచి కెమెరా కొంటే తేడా వస్తుందా?

వస్తుంది, మీరనుకున్న చోట కాదు. ఫోన్‌తో నిజంగా ఇబ్బంది పడేది దూరపు పక్షుల్ని తీయాలన్నా, చీకట్లో కదిలే మనుషుల్ని తీయాలన్నా, గోడంత ప్రింటు వేయాలన్నా. మిగతా వాటికి, కనీసం మొదటి ఏడాది, చేతిలో ఉన్న ఫోన్ చాలు. కొనాలని బాగా ఉంటే పాత కెమెరా బాడీ ఒకటి, దానికి జూమ్ లేని 35 ఎంఎం లేదా 50 ఎంఎం లెన్స్ ఒకటి తీసుకోండి. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెస్సన్ జీవితంలో ఎక్కువ పని 50 ఎంఎం లెన్స్‌తోనే చేశాడు. ఒకే లెన్స్‌తో కొన్నాళ్లు తిరిగితే, కెమెరా ఎత్తకముందే ఫ్రేము ఎక్కడిదాకా వస్తుందో కళ్లకు తెలిసిపోతుంది. నేను మొదట్లో మూడు లెన్స్‌లు మోసుకు తిరిగేవాణ్ని, మంచి క్షణాలు చాలా నేను లెన్స్ మారుస్తుండగా వెళ్లిపోయాయి.

ఫోన్‌లో ముందు ఏం మార్చుకోవాలి?

ముందు లెన్స్ తుడవండి. నవ్వకండి. వేలిముద్ర పడిన లెన్స్‌తో ఒక ప్రయాణం మొత్తం ఫొటోలు తీసి, ప్రతి దీపం చుట్టూ పొగలా ఎందుకుందా అని ఇంటికొచ్చాక తలపట్టుకున్నవాణ్ని నేను.

తర్వాత సెట్టింగ్స్‌లో గ్రిడ్ ఆన్ చేయండి, దిగంతం వంకరపోకుండా ఉండటానికి. ఆ తర్వాత నేర్చుకోవాల్సింది ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు అందే వెలుతురు, తగ్గించడం. స్క్రీన్ మీద కావలసిన చోట నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి, పక్కన వచ్చే గుర్తును కిందికి జరిపితే ఫొటో ముదురుగా అవుతుంది. కెమెరా మీటరు తెలుపు, నలుపు తేడా ఎరగదు, ఎదురుగా ఏమున్నా దాన్ని మధ్యస్థ బూడిద రంగుకు లాగాలని చూస్తుంది. అందుకే తెల్లగోడ మట్టిగా వస్తుంది, నల్లపిల్లి బూడిదపిల్లి అయిపోతుంది. తెల్లవాటికి కొంచెం పెంచాలి, నల్లవాటికి తగ్గించాలి. పొద్దుగుంకే వేళ ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గించి చూడండి, ఆకాశంలో పోయిన రంగులన్నీ తిరిగొస్తాయి.

రెండువేళ్లతో సాగదీసే జూమ్ మాత్రం మరిచిపోండి, అది చాలాసార్లు ఉన్న ఫొటోనే కోసి పెద్దది చేస్తుంది. ఫోన్‌లో విడిగా టెలిఫొటో (దూరపువాటిని దగ్గరగా చూపే) లెన్స్ ఉంటే దాన్ని వాడుకోండి.

వెలుతురు చూడటం నేర్చుకోమంటారు. ఎలా చూడాలి?

చెయ్యి వాడండి. పగలు, లైట్లన్నీ ఆపేసి, కిటికీ పక్కన నిలబడి మీ పిడికిలి ముందుకు చాచి ఒక చుట్టు మెల్లగా తిరగండి. కిటికీ మీ వీపు వెనక ఉన్నప్పుడు పిడికిలి చదునుగా, గోడకు అంటించిన బొమ్మలా ఉంటుంది. కిటికీ పక్కకు వచ్చేసరికి ప్రతి ముడతా, ప్రతి నరమూ లేచి నిలబడుతుంది. కిటికీకి ఎదురుగా తిరిగితే పిడికిలి నల్లబడి అంచు చుట్టూ వెండి గీత మిగులుతుంది. ఒకే చెయ్యి, ఒకే కిటికీ, మూడు ఫొటోలు. ముసలాయన ముఖంలో ముడతలు కావాలా, పక్క వెలుతురు. ఆకుల్లో ఈనెలు కావాలా, ఆకు వెనక నుంచి వెలుతురు. ఏమీ వద్దు, పాస్‌పోర్టు ఫొటోలా చదునుగా ఉండాలంటే ఎదురు వెలుతురు, అంటే మీ వెనక నుంచి వచ్చి నేరుగా ముఖం మీద పడేది. ఫోన్ ఫ్లాష్ ఇచ్చేది ఆ ఎదురు వెలుతురే, అందుకే ఫ్లాష్ ఫొటోల్లో అందరూ నేరం చేసి దొరికిపోయినట్టు కనబడతారు.

తర్వాత చూడాల్సింది ఆ వెలుతురు ఎంత పెద్ద చోటు నుంచి వస్తోందన్నది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా, చాలా దూరంలో ఉండటం వల్ల మనకు చిన్న దీపం కిందే లెక్క, అందుకే నీడల అంచులు కత్తితో కోసినట్టుంటాయి. మబ్బు పడితే ఆకాశం మొత్తం దీపమైపోతుంది, నీడలు కరిగిపోతాయి. మబ్బు పట్టిన రోజు ముఖాలు బాగా వచ్చేది అందుకే, జనమేమో ఆ రోజు కెమెరా బయటికే తీయరు. ఇంట్లో అయితే కిటికీకి పల్చటి తెల్లటి తెర కట్టండి, మబ్బు కట్టినట్టే.

దీపం దగ్గరగా ఉందా దూరంగా ఉందా అన్నది కూడా లెక్కే. మామూలు బల్బు నుంచి ఉన్న దూరం రెట్టింపైతే మీద పడే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. దీన్ని సాయంగా వాడుకోవచ్చు: మనిషిని దీపానికి బాగా దగ్గరగా కూర్చోబెడితే వెనకగోడ దానంతటదే చీకట్లోకి పోతుంది, నల్లగుడ్డ కట్టే పని లేదు.

ఇక రంగు. వెలుతురు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు: పాతరకం పసుపు బల్బుల వెలుతురు సుమారు 2700 కెల్విన్, మధ్యాహ్నపు ఎండ సుమారు 5500. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా వచ్చేలా రంగులు సర్దే సెట్టింగ్) ఆటోలో ఉంటే, దీపం వెలుగులోని ఆ పసుపును చూసి ‘అయ్యో, పొరపాటు’ అనుకుని సరిచేసేస్తుంది, మీరు ఆగిందేమో ఆ పసుపును చూసే. వైట్ బ్యాలెన్స్‌ను డేలైట్‌లో పెట్టండి, పసుపు పసుపుగానే ఉంటుంది.

మధ్యాహ్నం ఎండలో తీయకూడదంటారు, నిజమేనా?

ముఖాలకైతే నిజం. నడినెత్తిన సూర్యుడుంటే కళ్ల గుంతల్లో నీడలు పడి మనిషి జబ్బుపడి లేచినట్టుంటాడు. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉందంటే సూర్యుడు 45 డిగ్రీల పైన ఉన్నాడని లెక్క. అప్పుడు మనిషిని నీడపట్టుకు తీసుకెళ్లండి, మరీ లోపలికి వద్దు, ఎండా నీడా కలిసే గీతకు అడుగు లోపల, ముఖం ఎండ ఉన్నవైపు తిప్పి.

కానీ మెట్లు, రెయిలింగులు, కిటికీ ఊచలు, సైకిలు చక్రాల నీడలు, ఇవన్నీ పదునుగా దొరికేది ఆ గట్టి ఎండలోనే. ఎక్స్‌పోజర్ తగ్గించి నీడలను పూర్తిగా నల్లబడనివ్వండి, గీతలే ఫొటో అవుతాయి.

ఉదయం, సాయంత్రం దొరికే బంగారు రంగు వెలుతురు విషయానికొస్తే, సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల లోపు ఉన్నంతసేపూ అది ఉంటుందని సాధారణంగా చెబుతారు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు నిట్టనిలువుగా దిగే రోజుల్లో ఆ 6 డిగ్రీలూ 24 నిమిషాల్లో అయిపోతాయి, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు కాబట్టి ఇంకా చాలాసేపు సాగుతుంది. ఎటు నిలబడాలో, ఏది తీయాలో ముందే చూసి పెట్టుకోండి. సూర్యుడు మునగ్గానే బ్యాగు సర్దేయకండి, ఆ తర్వాత వచ్చే నీలి వెలుతురులో వీధిదీపాలు, కిటికీలు, ఆకాశం మూడూ ఒకే స్థాయికి వస్తాయి. నాకు బంగారం కన్నా ఆ నీలమే ఇష్టం.

రూల్ ఆఫ్ థర్డ్స్ పాటించి తీరాలా?

లేదు. ఫొటోగ్రఫీ పుట్టకముందే, 1797లో, జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు ప్రకృతి దృశ్యాలు గీసేవాళ్ల కోసం ఈ పేరు పెట్టాడు. ఫ్రేమును అడ్డంగా మూడు, నిలువుగా మూడు భాగాలు చేసి ముఖ్యమైనది ఆ గీతల మీద పెట్టమంటుంది. ఈత నేర్చుకునేవాళ్ల నడుముకు కట్టే బెండు లాంటిదిది. ప్రతిదాన్నీ నట్టనడుమ పెట్టే అలవాటు పోవడానికి పనికొస్తుంది, ఈత వచ్చాక కూడా కట్టుకు తిరిగితే నవ్వుతారు.

నేను ఎక్కువ చూసేది బరువు. ఫ్రేములో ఎడమవైపు నల్లటి పెద్ద తలుపుంటే కుడివైపు చిన్న ఎర్రగొడుగు దాన్ని తూచగలదు. ఖాళీకి కూడా బరువుంటుంది. ఒక మనిషి చూపు కుడివైపు ఉంటే అటువైపు చోటు వదలడం మామూలు, వదలకుండా అంచుకు నొక్కేస్తే ఊపిరాడనట్టుంటుంది, కొన్నిసార్లు మీకు కావలసింది ఆ ఇరుకే కావచ్చు. ప్రతిబింబాలు, గుమ్మాలు, పొడవాటి నడవాలు వీటిని నడిమధ్యలో పెట్టడమే అందం.

ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుని ఫొటోను చూడండి. అర్థం పోయి ఆకారాలే మిగులుతాయి, బరువు ఎటు ఒరిగిందో ఇట్టే తెలిసిపోతుంది.

నా ఫ్రేముల్లో చెత్త ఎక్కువగా ఉంటోంది. ఏం చేయాలి?

నొక్కేముందు నాలుగు అంచుల మీదుగా ఒకసారి చూపు తిప్పండి. సగం తెగిన చెయ్యి, ఎవరిదో చెప్పు, మూలలో మెరిసే బోర్డు, ఇవన్నీ అంచుల దగ్గరే దాక్కుంటాయి. తర్వాత కదలండి. చాలామంది ఆగిన చోటే నిలబడి, కళ్ల ఎత్తులోనే తీస్తారు. మోకాళ్ల మీద కూర్చుంటే వెనకున్న జనం పోయి ఆకాశం వస్తుంది, రెండు మెట్లు ఎక్కి కిందికి చూస్తే నేలే బ్యాక్‌గ్రౌండ్ అవుతుంది, ఒక్క అడుగు ఎడమకు జరిగితే స్తంభం మనిషి వెనక దాక్కుంటుంది. అదీ కుదరకపోతే వేచి ఉండండి, జనం వెళ్లిపోతారు.

వెనకంతా బ్లర్ చేస్తే చెత్త పోతుంది కదా?

పోతుంది, చోటు కూడా పోతుంది. ఎఫ్/1.8లో, అంటే లెన్స్ రంధ్రం బాగా పెద్దగా తెరిచి, తీసిన వంద ముఖాలు ఒకచోట పెడితే అవి ఎక్కడ తీశారో ఎవరూ చెప్పలేరు. మనిషి ఎక్కడున్నాడన్నది ముఖ్యమైతే రంధ్రం చిన్నది చేసి ఎఫ్/5.6 లేదా ఎఫ్/8కి వెళ్లి, వెనకున్నవాటిని కూడా ఓపిగ్గా అమర్చుకోవాలి. ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్ చేసేది లెక్కగట్టి వేసిన బ్లర్ కాబట్టి జుట్టు చివర్లలో, కళ్లజోడు అంచుల్లో తేలిపోతుంటుంది, బ్లర్ మోతాదు తగ్గించి వాడితే కొంత నయం.

ముఖం తీస్తే ముక్కు పెద్దదిగా వస్తోంది. లెన్స్ లోపమా?

దూరం లోపం. ముక్కు కొస నుంచి చెవి దాకా సుమారు 12 సెంటీమీటర్లు అనుకోండి. ఫోన్‌ను ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో పెడితే చెవి 42 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, అంటే చెవితో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దదిగా పడుతుంది. అదే మీటరున్నర దూరం నుంచి తీస్తే తేడా 8 శాతమే. కాబట్టి వెనక్కి జరిగి 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్స్ వాడండి. కెమెరా ఉన్నవాళ్లు ముఖాలకు 85 ఎంఎం వాడేది కూడా, ఆ లెన్స్‌తో ఫ్రేము నిండాలంటే తగినంత వెనక్కి జరగక తప్పదు కాబట్టే.

దగ్గరికి వెళ్లి వైడ్ లెన్స్‌తో తీస్తే ముందున్నది పెద్దదై వెనకున్నది పారిపోతుంది, దూరం నుంచి టెలిఫొటోతో తీస్తే వెనకున్న కొండ భుజం మీద వాలినట్టుంటుంది. ఏది కావాలో ముందు తేల్చుకుని, దాన్ని బట్టి ఎంత దూరంలో నిలబడాలో చూసుకోండి, జూమ్ ఆ తర్వాతే.

కదలికను కావాలని మసకగా తీయొచ్చా? అది తప్పులా కనిపించదా?

అంతా మసకగా ఉంటే తప్పులా కనబడుతుంది. ఒక్కటైనా నిశ్చలంగా ఉంటే ఉద్దేశం తెలుస్తుంది. షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని సెకనులో 15వ వంతుకు తెచ్చి, గోడకు ఆనుకుని ఊపిరి బిగపట్టి తీస్తే, నడిచే జనం నీటిరంగుల్లా సాగిపోతారు, నిలబడి ఎదురుచూస్తున్న ఒక్కరు మాత్రం స్పష్టంగా ఉంటారు. సైకిలు మీద వెళ్లేవాళ్లతో పాటు కెమెరాను అదే వేగంతో తిప్పుతూ సెకనులో 30వ వంతులో తీస్తే మనిషి నిలిచి వెనకంతా గీతలవుతుంది, దీన్నే ప్యానింగ్ అంటారు. 20 తీస్తే ఒకటి కుదురుతుంది, అది కూడా అదృష్టం బాగుంటే. పారే నీళ్లు పాలలా రావాలంటే సగం సెకను నుంచి ఒక సెకను, స్టాండ్ తప్పనిసరి, పగలైతే లెన్స్ ముందు వెలుతురు తగ్గించే ముదురు అద్దం, ఎన్‌డీ ఫిల్టర్, కూడా కావాలి.

బ్లాక్ అండ్ వైట్ చేస్తే ఏ ఫొటో అయినా ఆర్ట్‌లా కనబడుతోంది. మోసమా ఇది?

మోసం కాదు, బద్ధకం కావచ్చు. రంగు తీసేస్తే వెలుగూ నీడా ఆకారమే మిగులుతాయి, అవి ముందే బలంగా ఉంటే ఫొటో నిలబడుతుంది. అవి లేక, రంగులు కుదరక, పోనీలే అని నలుపు తెలుపు చేస్తే బూడిద మిగులుతుంది. ఎరుపు, ఆకుపచ్చ కంటికి ఎంత వేరుగా ఉన్నా బ్లాక్ అండ్ వైట్‌లో రెండూ ఒకే బూడిద అయిపోవచ్చు. అలాంటప్పుడు ఎడిటింగ్‌లో ఒక్కో రంగునూ విడిగా ముదురుగానో లేతగానో చేసుకునే సదుపాయం వాడాలి, నీలాన్ని ముదురు చేస్తే ఆకాశం బరువెక్కి మబ్బులు బయటపడతాయి.

చాలాకాలం కళ అంటే నలుపు తెలుపే అనే పట్టింపు ఉండేది. 1976లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో విలియం ఎగల్‌స్టన్ రంగు ఫొటోలు పెట్టినప్పుడు విమర్శకులు విరుచుకుపడ్డారు. సాల్ లైటర్ అంతకు చాలాముందు, 1940ల చివర నుంచే, న్యూయార్క్ వీధుల్ని ఆవిరి పట్టిన అద్దాల గుండా రంగుల్లో తీస్తూ ఉన్నాడు. ఆయన ఫ్రేముల్లో మూడొంతులు చీకటి, ఎక్కడో ఒక ఎర్రగొడుగు. రంగుల్లో తీయాలంటే నాకు తెలిసిన సులువైన దారి అదే, రెండు మూడు రంగులకు మించి ఫ్రేములోకి రానివ్వకపోవడం.

కెమెరా ఎత్తగానే మనుషులు బిగుసుకుపోతున్నారు.

ఫొటో ‘తీయడం’ మీ పని, ‘దిగడం’ వాళ్ల పని, దిగేవాళ్లకే టెన్షన్ ఎక్కువ. ‘నవ్వండి’ అనకండి, పళ్లు కనబడతాయి తప్ప నవ్వు రాదు. చేతులకు ఏదో ఒక పని ఇవ్వండి, చొక్కా గుండీ పెట్టుకోవడమో పుస్తకం పేజీలు తిప్పడమో. మొదటి పది ఫొటోలు ఊరికే తీయండి, అవి పారేయడానికే. ‘అయిపోయింది, థాంక్స్’ అని కెమెరా కొంచెం దించినప్పుడు భుజాలు జారి ముఖం వదులవుతుంది చూడండి, అప్పుడు తీయండి ఇంకొకటి.

తెలియనివాళ్లను రోడ్డు మీద తీయొచ్చా?

చట్టం దేశాన్ని బట్టి మారుతుంది, తెలుసుకుని వెళ్లండి. చట్టం ఒప్పుకున్నా, ఏడుస్తున్నవాళ్లను, నిస్సహాయంగా పడున్నవాళ్లను, పెద్దవాళ్లు పక్కన లేని పిల్లలను నేను తీయను. ఎవరైనా వద్దంటే వాళ్ల ముందే డిలీట్ చేస్తాను. దొంగచాటుగా దూరం నుంచి జూమ్‌తో తీసేదాని కన్నా, దగ్గరికెళ్లి కళ్లలోకి చూసి ఒక చిన్న తలూపుతో అనుమతి అడిగి తీసినవే నాకు బాగా వచ్చాయి.

నేనెక్కడికీ వెళ్లను. తీయడానికి మా ఇంట్లో ఏముంది?

పెరటిచెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా. జోసెఫ్ సుడెక్ అనే ఫొటోగ్రాఫర్ మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. ఒంటిచేత్తో పెద్ద స్టాండు కెమెరాలు మోశాడు. 1940 నుంచి 1954 దాకా ప్రాగ్‌లోని తన స్టూడియో కిటికీని మళ్లీ మళ్లీ తీశాడు: అద్దం మీద చెమ్మ, మంచు, అవతల వంకరచెట్టు. ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో ఒక క్యాప్సికంను రేకు గరాటులో నిలబెట్టి నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ ఇచ్చి తీస్తే, చూసినవాళ్లకు అందులో మనిషి వీపూ కండరాలూ కనబడ్డాయి.

మీ ఇంట్లో ఎండ ఏ గదిలోకి ఎన్నింటికి వస్తుందో మీకు తెలుసా? చాలామందికి తెలియదు, నాకూ తెలిసేది కాదు. ఒక సెలవురోజు ఇంట్లో కూర్చుని, ఆ ఎండముక్క నేల మీద నుంచి గోడెక్కి మంచం దాటి పోయేదాకా దాన్ని వెంబడించండి. ఉదయం పనికిరాని స్టీలు గ్లాసు పదకొండు గంటలకు గోడ మీద నీటిలా వెలుగు చిమ్ముతుంది, ఐదు నిమిషాలు ఉంటుంది, పోతుంది.

ఎడిటింగ్ చేస్తే అసలు ఫొటో కాదంటున్నారు మా స్నేహితులు. క్రాప్ చేయడం కూడా తప్పేనా?

వార్తా ఫొటోకు నియమాలు వేరు, అక్కడ ఉన్నదాన్ని తీసేయకూడదు, లేనిదాన్ని పెట్టకూడదు. మిగతా చోట్ల ఎడిటింగ్ ఎప్పుడూ ఉంది. యాన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన చంద్రోదయం నెగెటివ్‌ను దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ ప్రింట్ వేస్తూ, ఏళ్లు గడిచేకొద్దీ ఆకాశాన్ని ఇంకా నల్లగా చేస్తూ పోయాడు. క్రాప్ అంటే గిట్టని కార్టియర్ బ్రెస్సన్ కూడా, 1932లో పారిస్ రైల్వేస్టేషన్ వెనక నీటిమడుగు దాటుతూ గెంతిన మనిషి ఫొటోను క్రాప్ చేయకుండా ఉండలేకపోయాడు, కంచె పలకల సందులోంచి తీయడం వల్ల ఎడమపక్క పలక అడ్డొచ్చింది మరి.

ఎడిటింగ్‌లో నేను ముందు చేసేది చూపును మళ్లించే మెరుపుల్ని తగ్గించడం. కన్ను మొదట వెలుగున్న చోటికే పోతుంది, కాబట్టి అక్కర్లేని చోట్లు కొంచెం చీకటి చేస్తే చాలు. రంగుల గాఢత పెంచే స్లయిడర్‌ను మాత్రం మీకు సరిపోయిందనిపించిన చోటు నుంచి సగం వెనక్కి తెండి. వీలైతే ‘రా’ ఫైల్‌లో (కెమెరా తన మార్పులేవీ చేయకుండా దాచేది) తీయండి, వెలుగునీడలు మార్చుకోవడానికి చాలా జాగా ఉంటుంది.

ఒక్కసారి బయటికెళ్తే 600 ఫొటోలు తీస్తున్నా. మంచివి ఎలా ఏరాలి?

ఆ రోజే ఏరకండి. ఎండలో మూడు గంటలు నిలబడి తీసిన ఫొటో మీద మీకు మమకారం ఉంటుంది, చూసేవాళ్లకు మీ చెమటతో పనిలేదు. గ్యారీ వినోగ్రాండ్ తన ఫిల్ములను కావాలనే ఏడాది, రెండేళ్లు ఆగి డెవలప్ చేసేవాడు, తీసిన రోజు సంతోషం మరిచిపోయాక చూడాలని. మరీ ఆయనంత దూరం వెళ్లక్కర్లేదు, 1984లో చనిపోయేనాటికి సుమారు 2,500 రోల్స్ డెవలప్ చేయకుండానే మిగిలిపోయాయి. రెండు వారాలు ఆగితే చాలు.

తర్వాత చిన్న సైజులో, అరచేతిలో స్టాంపులంత చేసి చూడండి. ఆ సైజులో కూడా ఆకారం తెలిసేవి ఒక పక్కకు తీయండి. ఒకేలాంటివి నాలుగుంటే ఒక్కటే ఉంచండి, రెండు ఉంచితే చూసేవాళ్లు ఫొటో చూడటం మానేసి తేడా వెతుకుతారు. 600లో ఆరు మిగిలితే మంచి రోజు కిందే లెక్క.

నాకంటూ ఒక స్టైల్ ఎప్పుడు వస్తుంది?

దాని కోసం వెతికితే ఇంకొకరి ఫిల్టరే దొరుకుతుంది. ఏడాదిలో మీరు ఏరుకున్న ఫొటోలు ఒక 40 ప్రింట్ తీసి నేల మీద పరచండి. మీకు తెలియకుండానే ఏదో ఒకటి పదేపదే వచ్చి ఉంటుంది. నేనలా పరిచినప్పుడు సగం ఫొటోల్లో మనుషులు వీపు తిప్పుకుని ఉన్నారు. సిగ్గు వల్ల వెనక నుంచి తీసినవి అవి. మొదట బాధేసింది, తర్వాత వీపులనే శ్రద్ధగా తీయడం మొదలుపెట్టాను.

మొదటి వారం ఏం చేయమంటారు?

ఒకే కిటికీ, ఒకే వస్తువు, ఏడు రోజులు. రోజుకు పది ఫొటోలు, పదకొండోది తీయొద్దు. ఒకరోజు పొద్దున్నే, ఒకరోజు మిట్టమధ్యాహ్నం, ఒకరోజు దీపాలు పెట్టాక, ఒకరోజు నేల మీద పడుకుని, ఒకరోజు అసలు వస్తువు ఫ్రేములో లేకుండా దాని నీడ మాత్రమే, మిగతా రెండు రోజులు మీ ఇష్టం. మూడో రోజుకు విసుగు వస్తుంది, ఇక తీయడానికి ఏమీ లేదనిపిస్తుంది. నాలుగో రోజు ఫొటోలు మాత్రం విడిగా దాచిపెట్టుకోండి.